కోత పండుగ కవరు

డోర్నకల్,
12 అక్టోబర్ 2025

జెస్సీ,

మోకాళ్లు, చెవులు తప్ప నాలో అన్నీ బాగున్నాయి. ఆ రెండింటి సంగతి దేవుడికి రోజూ ప్రార్థనలో గుర్తు చేస్తూనే ఉన్నాను, ఆయన ఇంకా పట్టించుకోలేదు.

నిన్న సాయంత్రం కట్టయ్య వరంగల్ బండి దిగి, ఇంటికి కూడా పోకుండా నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. ఈ నెల సగంలో నర్సింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరుతున్నావన్న మాట దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. మీ చెల్లె దీప నా ఎడమ చెవి దగ్గరికొచ్చి, "అక్క ఏం రాసిందత్తమ్మా, జర నాక్కూడ సూపియ్యి" అని అరిచింది. చూపించలేదు. ముందు నేను కడుపు నిండా చదువుకోవాలి కదా.

ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోన్‌లో మెసేజ్ పెడితే తాను చూపిస్తానని అది రోజూ పోరుతుంది. నా మాటలు దాని ఫోన్‌లోంచి పోవడం నాకిష్టం లేదు. ఫోన్‌లో మాట్లాడదామంటే, చెవి మిషన్ పెట్టుకున్నా నాకు చర్చిలో డ్రమ్ము తప్ప ఇంకేమీ వినపడదు. కట్టయ్య సీజన్ టికెట్ మీద వరంగల్ మార్కెట్‌కు గుమాస్తా పనికి పోయి వస్తున్నంత కాలం నీకు కూర డబ్బా, నాకు కాగితం. ఇందులో మార్పు లేదు.

నీకు ఎన్నిసార్లో చెప్పాను, మళ్లీ చెప్తాను. నేను డిప్లొమా నర్సును. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో చేశాను. ఒకసారి మా వార్డుకు ఎమ్మెస్సీ నర్సింగ్ చదివిన మేడం ఒకామె తన కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. గంజి పెట్టిన చీర, చేతిలో పెన్ను తప్ప ఏమీ లేదు. మమ్మల్ని పేరు పెట్టి కూడా పిలవని డాక్టరు ఆమెకు కుర్చీ జరిపాడు. మా ఇంట్లో ఒకరు అలా కావాలని ఆ రోజే అనుకున్నాను. మీ అమ్మ, ఆమె వెనకే నా తమ్ముడు సాల్మన్ పోయి మీరిద్దరూ నా దగ్గరికి వచ్చాక, ఆ ఒకరెవరో తెలిసింది. నువ్వు ఆస్పత్రి ఉద్యోగం మానేసి రెండేళ్లు చదువుతానంటే చుట్టాలందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఇప్పుడు చూడమను.

వచ్చే నెల పదహారున చర్చిలో కోత పండుగ. మొదటి జీతం రాగానే కానుక కవరు పంపు. పెద్ద జీతం కదా, దేవుడి దగ్గర చిన్నబోకూడదు. దీప సర్కారు నర్సు పరీక్ష రాసింది, ఎమ్మెస్సీ ఎంట్రన్సూ రాసింది. ఏది వస్తుందో చూడాలి.

మీ అత్తమ్మ,
విమల

డబ్బా మూత చూసుకుని ఇవ్వు. పోయినసారి ఎవరిదో మూత వచ్చింది, సరిగా పట్టడం లేదు.


హన్మకొండ,
29 అక్టోబర్ 2025

అత్తమ్మా,

మూత సంగతి కట్టయ్య మామను అడుగు. నేను ఇచ్చింది మన మూతే.

కాలేజీ బాగుంది. నాలుగంతస్తులు, లిఫ్ట్ ఉంది గాని ఇన్‌స్పెక్షన్ రోజునే నడుస్తుందట. నాకు ఫస్టియర్ పిల్లలను ఇచ్చారు. ములుగు, నెక్కొండ, తొర్రూరు వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ల్యాబ్‌లో మంచం మీద ఒక ప్లాస్టిక్ పేషెంట్ ఉంటాడు. వాడికి పిల్లలు వెంకట్రాజం అని పేరు పెట్టారు. ఎన్ని సూదులు పొడిచినా ఏమీ అనడు కాబట్టి మంచివాడని వాళ్ల అభిప్రాయం. నేను గదిలోకి వెళ్తే అందరూ లేచి నిలబడుతున్నారు. మొదటి రోజు నా వెనక ఎవరో వచ్చారనుకుని తిరిగి చూశాను.

గంజి పెట్టిన చీరే కట్టుకున్నాను. నీకోసం.

జీతం సంగతి అడిగావు. కొత్తలో కొంచెం అటూ ఇటూ ఉంటుందట, ఫికర్ చేయకు. కవరు అంటించి కట్టయ్య మామ చేతికి ఇస్తున్నాను. దేవుడికి ఇవ్వాల్సింది అందులో పెట్టాను. నువ్వు తెరవకుండా నేరుగా చర్చిలో అయ్యగారికే ఇవ్వు.

ఒక మాట. డబ్బాలో కూర కొంచెం ఎక్కువ పెడతావా? అన్నం కూడా పెట్టినా సరే. నా రూములో ఉండే అమ్మాయికి నీ వంట నచ్చింది.

దీపకు ఏ ఫలితం వచ్చినా ముందు నాకు చెప్పమను. తొందరపడి ఏదీ ఖాయం చేయకండి.

నీ జెస్సీ


డోర్నకల్,
17 నవంబర్ 2025

మా లెక్చరరమ్మకు,

నిన్న కోత పండుగ అయింది. నీకు మొత్తం చెప్పాలి, కుదురుగా కూర్చుని చదువు.

చర్చి నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. స్త్రీల సమాజం సెక్రటరీ శోభారాణి తెచ్చిన కోడి కాళ్ల కట్టు తెంపుకుని పీఠం దాకా పోయింది. కానుకల వేలంలో ఆ కోడిని ఆమే మూడింతల ధరకు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అయ్యగారు కవర్లు తెరిచి పేర్లు, అంకెలు మైకులో చదివారు. నీ పేరు చదివినప్పుడు నాకు వినపడలేదు. కానీ ముందు వరసలవాళ్లంతా మెడలు తిప్పి నావైపు చూశారు. దీప నా అరచేతిలో వేలితో అంకె రాసింది. పదకొండు వేలు.

నేను ఏడ్చాను. దాచడమెందుకు, చీర కొంగు తడిసేదాకా ఏడ్చాను.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. నీ జీతం ఎంతో చెప్పాను. శోభారాణి తెరిచిన నోరు మూయలేదు. "ఇంత పెద్ద కొలువు చేసే పిల్ల కూడా నా గోంగూర కోసం ఇంటిదాకా ఆగలేదమ్మా, డబ్బా అందుకోగానే ప్లాట్‌ఫాం మీదనే మూత తీస్తదట, కట్టయ్య చెప్పిండు" అని కూడా చెప్పాను. ఇప్పుడు రోజూ అన్నం కూడా కట్టి పంపుతున్నాను. మీ రూము అమ్మాయి లావెక్కితే నన్ను అనొద్దు.

ఇక అసలు సంగతి. ఈ వారమే రెండూ వచ్చాయి. దీపకు సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్స్ ఆర్డరు వచ్చింది, వరంగల్‌లోనే. డిసెంబర్ పన్నెండులోపు చేరాలి. ఎమ్మెస్సీ సీటు కూడా వచ్చింది, ప్రైవేటు కాలేజీలో. డిసెంబర్ ఐదులోపు ఫీజు కట్టాలి. అది మొదట రెండింటి మధ్యా ఊగింది. నిన్న చర్చిలో నీ పేరు విన్నాక ఊగడం ఆపేసింది. సీటే తీసుకుంటానంటోంది, నేనూ అదే అన్నాను. నేను స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి నడుము పడిపోయేదాకా అక్కడే ఉన్నాను. అది ఎందుకు అక్కడ మొదలుపెట్టాలి? నా డిపాజిట్ తీయమని బ్యాంకులో చెప్పి వచ్చాను.

నువ్వు సంతోషిస్తావని తెలుసు.

అత్తమ్మ


హన్మకొండ,
20 నవంబర్ 2025

అత్తమ్మా,

దీపను ఉద్యోగంలో చేరనివ్వు. డిపాజిట్ తీయకు.

ఈ ఉత్తరం నిన్ననే రాయాల్సింది, రెండుసార్లు రాసి చింపేశాను. సర్కారు ఆర్డరు ప్రతి ఏడాదీ రాదు. అది పరీక్ష కోసం ఎంత చదివిందో నువ్వే చూశావు. చదువు ఎక్కడికీ పోదు. కొన్నేళ్లు పని చేశాక సెలవు పెట్టి చదువుకునే వీలుంటుంది. ముందు ఉద్యోగం చేతిలో పడనీ.

కోత పండుగ సంగతులు చదివి నవ్వుకున్నాను, కోడి దగ్గర. మిగతాది చదివి నవ్వు రాలేదు. నా జీతం ఎంతని వాళ్లకు చెప్పావో నువ్వు రాయలేదు. అడగాలంటే భయంగా ఉంది. నేను నీకు చెప్పలేదు కదా, నువ్వెలా చెప్పావు?

దీపకు ఫోన్ చేశాను. "ఉద్యోగంల చేరవే" అనగానే, "నువ్వు గట్లనే అంటవని నాకెర్కే" అని కట్ చేసింది. మళ్లీ ఎత్తడం లేదు, మెసేజ్‌లు కూడా చూడడం లేదు. నేనే రావాలి. కానీ ఇన్‌స్పెక్షన్ వస్తోందని కాలేజీలో ఎవరికీ సెలవు ఇవ్వడం లేదు. ఆదివారం కూడా రికార్డులు రాయిస్తున్నారు.

నా మాట విను. ఎందుకని అడగకుండా ఈ ఒక్కసారి విను.

జెస్సీ


డోర్నకల్,
24 నవంబర్ 2025

జెస్సికా,

ఎందుకని అడగకుండా వినమన్నావు. నేను చెవిటిదాన్ని గాని గొర్రెను కాను.

నీ ఉత్తరం ఈసారి దీపకు చూపించాను. అది చదివి కాగితం మడిచి నా ఒళ్లో పెట్టింది. కాసేపటికి నా చెవి దగ్గరికొచ్చి ఏమందో రాస్తున్నాను, నీకు తెలియాలి. "అక్క చదివినప్పుడు ఎవ్వరడ్డం జెప్పలే అత్తమ్మా. తను మేడమైంది. నేను మాత్రం నైట్ డ్యూటీలు జేసుకుంట ఉండాల్నా? తనతోని సమానం ఐతనని అక్కకు కడుపుల మండుతాంది." నేను దాన్ని కసురుకున్నాను, అలా అనొద్దన్నాను. కానీ కసురుకున్నాక నాలో నేను ఆలోచిస్తే, అది అడిగింది న్యాయమే అనిపించింది.

మీరిద్దరూ ఒక దుప్పట్లో పడుకుని పెరిగారు. నువ్వు ఎనిమిదిలో ఉన్నప్పుడు దీప నీ పాత పుస్తకాలకు అట్టలు వేసుకుని మురిసిపోయేది. నీదే దానికి కావాలి ఎప్పుడూ. ఇప్పుడు కూడా నీ చదువే అడుగుతోంది. అంతకంటే నీకు గౌరవం ఏం కావాలి?

స్టాఫ్ నర్సుకు డిప్లొమా చదివినా ఎమ్మెస్సీ చదివినా సర్కారులో జీతం ఒక్కటే. ముప్పై ఏళ్లు తీసుకున్నదాన్ని, నాకు తెలియదా? అందుకే వార్డు వదిలి కాలేజీకి పొమ్మన్నాను నిన్ను. పోయావు, ఎక్కావు. ఎక్కినదానివి చెల్లెలికి చెయ్యి ఇవ్వకుండా కింద ఉండమంటున్నావు.

నీ జీతం నేనెలా చెప్పానని అడిగావు. దేవుడికిచ్చింది చూసి చెప్పాను. ఇందులో దాచడానికి ఏముంది? చుట్టాలు అప్పులడుగుతారని భయమా?

ఐదో తారీకు ఫీజు కడతాం. ఉద్యోగం వద్దని కాగితం కూడా అదే రోజు ఇప్పిస్తాను.

కూర పంపుతున్నాను. కోపం వేరు, కూర వేరు.

విమల


హన్మకొండ,
28 నవంబర్ 2025

అత్తమ్మా,

సరే, ఎందుకో రాస్తాను. కూర్చుని చదువు. ఈసారి దీపకు నువ్వే చూపించు.

నాకు నెలకు ఇరవై రెండు వేలు ఇస్తున్నారు. చదువుకు పోకముందు ఆస్పత్రి ఐసీయూలో నాకు ఇరవై ఆరు వచ్చేది. అంతే అత్తమ్మా. రెండేళ్లు చదివి, నీ దగ్గరున్నది ఖర్చు పెట్టించి, నాలుగు వేలు కిందికి దిగాను.

పరీక్షలవగానే ముందు పాత ఆస్పత్రికే పోయాను. అక్కడ హెచ్ఆర్ ఓంప్రకాశ్ సార్ మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మంచిగ చదివినవమ్మా, కాని బెడ్ దగ్గర పని గదే, పోస్టు గదే. పోస్టును బట్టి జీతం, సర్టిఫికెట్‌ను బట్టి కాదు. నువ్వు పోయినంక చేరినోళ్లకు రెండేండ్ల సర్వీసైంది, ఇప్పుడు వాళ్లు నీకంటే సీనియర్లు" అన్నాడు. నేను పని నేర్పిన పద్మలత ఇప్పుడు అక్కడ ఇన్‌చార్జి. డిప్లొమా పిల్ల. బయటికి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని కాఫీ తాగి పొమ్మంది. తాగలేదు.

అందుకే కాలేజీకి వచ్చాను. ఇక్కడ ఛైర్మన్ సంతకం పెట్టించుకునేటప్పుడు, ఎమ్మెస్సీవాళ్లు నెలకు పది మంది వస్తున్నారని, ఇష్టముంటేనే చేరమని చెప్పాడు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టాడు. అడిగితే ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దామంటాడు.

అందరికీ ఇలాగే ఉంటుందని అనడం లేదు. సర్కారు కాలేజీలో పోస్టు దొరికినవాళ్లకు బాగుంటుంది, కానీ ఆ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరికీ తెలియదు. విదేశాలకు పోయినవాళ్ల సంగతి వేరు. నేను మాట్లాడేది వరంగల్‌లో, ఈ నెలలో, మన దీప గురించి. దానికి వచ్చిన ఆర్డరులో మొదటి నెల జీతం నాకు ఇప్పుడొచ్చేదానికి రెట్టింపు. అది చేతిలో ఉన్నది వదిలేసి నాలాగా కావాలనుకుంటోంది.

చదివినందుకు బాధ లేదు. ఇది కూడా రాయాలి, లేకపోతే సగం అబద్ధం అవుతుంది. మొన్న నెక్కొండ పిల్ల ఒకతి వార్డులో పేషెంటు ఊపిరి తీరు చూసి, డాక్టరు కంటే ముందు నన్ను పిలిచింది. అది నేను నేర్పింది. ఆ రోజంతా నాకు ఆకలి తెలియలేదు. కానీ ఆ సంతోషం చూపించి దీప ఉద్యోగం పోగొట్టలేను.

నీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నువ్వు కళ్లద్దాలు తుడుచుకున్నానని రాశావు, దాని తర్వాత నా వల్ల కాలేదు.

జెస్సీ


డోర్నకల్,
2 డిసెంబర్ 2025

జెస్సికా,

నీ ఉత్తరం చదివాను. దీపకు చూపించలేదు. చూపిస్తే అది నీ ముఖం చూడదు.

ఇంత పెద్ద కథ అల్లాల్సిన అవసరం ఏమొచ్చిందే నీకు? చెల్లెలు చదవడం ఇష్టం లేకపోతే లేదని రాయి. ఇరవై రెండు వేల జీతగత్తె కోత పండుగకు పదకొండు వేలు దశమభాగం ఇస్తుందా? నాకు లెక్క రాదనుకున్నావా? పదో వంతు పదకొండు వేలైతే జీతం లక్షా పదివేలు. నేను రిటైరైన రోజు అందుకున్నది దాదాపు అంతే. నేను ఆగిన చోట నువ్వు మొదలుపెట్టావని చర్చిలో అందరికీ చెప్పాను. స్తోత్రం చెల్లించాను.

ప్రథమఫలం అనుకోవడానికి కూడా లేదు. నువ్వు ఆస్పత్రిలో మొదటిసారి చేరినప్పుడే అది ఇచ్చేశాం. ఎవరైనా మొదటి సంపాదన మొత్తం పీఠం మీద పెట్టేది జన్మకు ఒక్కసారే. ఆ తర్వాత ఇచ్చేదంతా పదో వంతే.

అంటే నువ్వు నాకైనా అబద్ధం రాశావు, లేదా దేవుడికైనా అబద్ధం చూపించావు. ఏదైనా నేను పెంచిన పిల్ల చేసేది కాదు. నిన్ను ఇలా పెంచలేదు నేను.

శుక్రవారం పొద్దున ఫీజు కట్టడానికి పోతున్నాం. ఇక ఈ సంగతి మీద ఉత్తరం రాయకు.

ఈ రోజు కూర పంపడం లేదు. ఒంట్లో బాగాలేదు.

విమల


వరంగల్ స్టేషన్,
4 డిసెంబర్ 2025

అత్తమ్మా,

కట్టయ్య మామ బండి వచ్చేలోపు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు.

అది దశమభాగం కాదు.

కాలేజీలో నెల సగంలో చేరాను కాబట్టి సగం నెలకే జీతం కట్టి ఇచ్చారు, పదకొండు వేలు. అదే కవరులో పెట్టాను. మొత్తం. మొదటిసారి ఆస్పత్రి జీతం తెచ్చినప్పుడు నేను నోట్లు లెక్కపెడుతుంటే నువ్వు నా చేతి మీద కొట్టి, "లెక్కవెట్టకే, మొత్తం వెట్టు, ఆయన సూస్కుంటడు" అన్నావు. కొత్త కొలువులో చేరాను కాబట్టి మళ్లీ అలాగే ఇవ్వాలనుకున్నాను. జన్మకు ఒక్కసారేనని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నన్ను నమ్మకపోయినా సరే. నాతో ఇక మాట్లాడకపోయినా సరే. రేపు ఫీజు కట్టకు. దీప చేత ఆ కాగితం ఇప్పించకు.

బండి వచ్చింది.

జెస్సీ


డోర్నకల్,
15 డిసెంబర్ 2025

నా తల్లీ జెస్సీ,

ఇన్ని రోజులు ఉత్తరం లేదని భయపడి ఉంటావు. చేతకాక రాయలేదు.

ఆ గురువారం సాయంత్రం కట్టయ్య వచ్చేసరికి ఫీజు డబ్బు పర్సులో పెట్టుకుని, చీర కూడా తీసి పెట్టుకున్నాను. నీ చీటీ చదివాను. చదివి కూడా వెంటనే నమ్మలేదు, నా బుద్ధి అలాంటిది. కట్టయ్యను గుమ్మంలో నిలబెట్టి అడిగాను, నువ్వు ఎలా ఉన్నావని. అతను నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "ఎట్లుంటదక్కా, సగమైంది పిల్ల. ఆటో కిరాయి లేక హన్మకొండ నుంచి నడుసుకుంట వస్తాంది. డబ్బా ఇయ్యంగనే ఆడనే కూసోని తింటాంది. మొన్న నువ్వు డబ్బా పంపలేదు గదా, వట్టి చేతులు సూసి నవ్విందక్కా. నాకే బాధైంది. బన్ను ఇప్పిస్త అంటే వద్దన్నది." ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా అంటే, "చెప్పిన గదక్కా, ప్లాట్‌ఫాం మీదనే తింటదని" అన్నాడు. నిజమే, చెప్పాడు. నేనే దాన్ని నా గోంగూర గొప్ప అనుకుని ఊరంతా చెప్పుకున్నాను. రూము అమ్మాయి పేరు చెప్పి నువ్వు అడిగిన అన్నం నీకేనని అప్పుడు అర్థమైంది.

నిన్ను అబద్ధాలకోరువన్నాను. తప్పు నాది. ఆ రోజు కూర ఆపాను, ఒంట్లో బాగాలేక కాదు, కోపంతోనే. అది గుర్తొస్తే ముద్ద దిగడం లేదు. నన్ను క్షమించు అని రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నీ ఉత్తరాలన్నీ దీప ముందు పెట్టాను. అది అన్నీ చదివి, వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. తెల్లారి ఆర్డరు కాగితం తీసి సంచిలో పెట్టుకుంది. నీకు ఫోన్ చేయమంటే, "ఏ మొహం వెట్టుకోని చెయ్యాలె" అంది. పన్నెండున పోయి చేరింది. ఆ సాయంత్రం నీ రూముకే పెట్టె తెచ్చుకుందని, ఇద్దరూ ఇంకా ఎడమొహం పెడమొహంగానే ఉన్నారని కట్టయ్య చెప్పాడు. అదేమిటో మీరిద్దరే తేల్చుకోండి. ఒక గదిలో ఉంటే ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉంటారు?

నిన్న చర్చిలో సాక్ష్యం చెప్తానని లేచాను. అందరూ మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్తానేమో అనుకున్నారు. నేను చెప్పింది ఇది. "కోత పండుగనాడు మా జెస్సీ జీతం లక్ష దాటిందని మీకు చెప్పిన. అది నా లెక్క తప్పు. ఆ పిల్ల ఇచ్చింది పదో వంతు కాదు, చేతికొచ్చినదంత. ఎమ్మెస్సీ చదివినంక దాని జీతం తగ్గింది. ఆ నెల అది నేను పంపిన డబ్బా తిని బతికింది. మీ ఇండ్లల్ల ఎవరైన ఆ పిల్లను సూపిచ్చి పిల్లలను చదివిస్తాంటే, చదివియ్యిండ్రి, కాని ముందు జీతమెంతో అడుగుండ్రి." తర్వాత అయ్యగారి వైపు తిరిగి, ఇకనుంచి కవర్ల మీది పేర్లు చదవండి, అంకెలు చదవొద్దు అన్నాను. ఆయన ఏమన్నారో, వెనక ఆడవాళ్లు ఏమనుకున్నారో నాకు వినపడలేదు. ఈ చెవుడు వచ్చాక మొదటిసారి దానికి స్తోత్రం చెప్పుకున్నాను. బయటికి వచ్చాక శోభారాణి నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఆమె కోడలు ఎమ్మెస్సీకి ఫీజు ఇప్పటికే కట్టేసిందట.

నువ్వు ఆ కాలేజీలో ఉంటావో, మానేస్తావో నువ్వే చూసుకో. ఈసారి నేను చెప్పను. సర్టిఫికెట్లు ఇవ్వమంటే మాత్రం కబురు పెట్టు, నేను వచ్చి ఛైర్మన్ ముందు కూర్చుంటాను. అతను చెప్పే సాకులు నాకు వినపడవు కాబట్టి ఇచ్చేదాకా లేవను.

దీప తన మొదటి జీతం మొత్తం ప్రథమఫలంగా ఇస్తానంటోంది. వద్దనలేదు. దాని మొక్కు దానిది. కానీ కట్టయ్యకు చెప్పాను, వచ్చే నెలంతా రెండు డబ్బాలు మోయాలని. పెద్ద డబ్బా నీది, మూత సరిగా పట్టేది కొత్తగా కొన్నాను.

ప్లాట్‌ఫాం మీద తినకు. ఆటో ఎక్కి రూముకు పో, చెల్లెలు వచ్చేదాకా ఆగు, ఇద్దరూ కూర్చుని తినండి.

అత్తమ్మ